నేర్పేవాళ్లు కావాలి!

ఇంటర్ పాసైన అమ్మాయి 'ఇంజినీరింగ్ వద్దు, అడవుల్లో జంతువుల మీద పనిచేస్తా' అంటే ఇంట్లో వినిపించే మొదటి ప్రశ్న 'జీతమెంత?' రెండోది 'ఆడపిల్లవి, అడవిలో ఎలా ఉంటావ్?' రెండూ న్యాయమైనవే. కానీ అంతకన్నా ముందు అడగాల్సింది ఇంకొకటుంది... 'నీకు పని నేర్పేదెవరు?'

పక్షుల శాస్త్రవేత్త సలీం అలీ కథే చూడండి. చిన్నప్పుడు ఎయిర్‌గన్‌తో ఓ పిచ్చుకను కొట్టాడు. మెడ కింద పసుపు మచ్చ! అదేం పిట్టో తెలియక, మేనమామ సలహాతో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పట్టుకెళ్లాడు. అక్కడి కార్యదర్శి మిలార్డ్ 'వెళ్లు బాబూ' అని పంపేయలేదు. అల్మారాలు తెరిచి సొసైటీ దాచిన పక్షులన్నీ చూపించాడు. పుస్తకాలిచ్చాడు. పెద్దయ్యాక సలీం అలీకి డిగ్రీ లేదని జువాలజికల్ సర్వేలో ఉద్యోగం రాలేదు. 1929లో బెర్లిన్ వెళ్లి స్ట్రెసెమన్ అనే పండితుడి దగ్గర పని నేర్చుకున్నాడు. తిరిగొచ్చాక మన హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే చేశాడు. డిగ్రీ ఇవ్వలేనిది ఇద్దరు గురువులు ఇచ్చారు.

గురువంటే ప్రొఫెసరే కానక్కర్లేదు. 1900 తర్వాత ఎవరికీ కనిపించని కలివికోడి 1986లో కడప జిల్లా లంకమల అడవుల్లో దొరికింది. దాన్ని వెతుకుతూ వచ్చిన యువ పరిశోధకుడు భరత్ భూషణ్ పల్లెల్లో తిరిగి వేటగాళ్లను, పశువుల కాపరులను అడిగాడు. అది రాత్రి తిరిగే పక్షి అని వాళ్ల మాటల్లోనే తెలిసింది. చివరికి టార్చిలైటు వెలుగులో దాన్ని పట్టింది కూడా స్థానిక వేటగాడే.

చదువుకు ఇప్పుడు దారులున్నాయి. డెహ్రాడూన్‌లో 1982లో పెట్టిన వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా ఉంది. బెంగళూరు ఎన్‌సీబీఎస్ 2004 నుంచి వన్యప్రాణి శాస్త్రంలో ఎమ్మెస్సీ నడుపుతోంది. సిద్దిపేట జిల్లా ములుగులో ఫారెస్ట్రీ కాలేజీ ఉంది. సైన్స్ డిగ్రీ ఉంటే యూపీఎస్సీ ద్వారా ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ రాయొచ్చు. అటవీశాఖలో పర్మినెంటు ఉద్యోగాలు సరే, పరిశోధన వైపు మాత్రం తొలి ఏళ్లు ఎక్కువగా ప్రాజెక్టు పనులే. ప్రాజెక్టు అయిపోతే జీతమూ ఆగుతుంది. తల్లిదండ్రులు ఇది ముందే తెలుసుకోవాలి.

అయితే పాఠాలతో రానివి చాలా ఉన్నాయి. అభయారణ్యంలో పరిశోధనకు ముందస్తు అనుమతి తప్పనిసరని పుస్తకం చెబుతుంది. దానికోసం ఆఫీసులో ఎవరితో ఎలా మాట్లాడాలో సీనియరే చెప్పాలి. కెమెరా ఏ చెట్టుకు కట్టాలి, చూసింది అక్కడికక్కడే నోట్‌బుక్‌లో ఎలా రాయాలి, పంట పోయిన రైతు కోపంగా ఉన్నప్పుడు ముందు ఏం వినాలి... ఇవన్నీ పక్కన నడుస్తూ నేర్చుకునేవే.

ఇక్కడే ఓ చిక్కుంది. 'భోజనం, బస ఇస్తాం, జీతం లేదు' అనే ఇంటర్న్‌షిప్‌లో ఎవరు చేరగలరు? ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోగలిగిన పిల్లలే! చిన్నప్పటి నుంచీ అడవి అంచున పెరిగిన పేదింటి కుర్రాడు ఆ గుమ్మం దగ్గరే ఆగిపోతాడు. నల్లమలలో పులుల రక్షణకు చెంచు యువకులను వాచర్లుగా పెట్టుకున్నారు. అడుగుజాడ చూసి జంతువు ఎటు వెళ్లిందో చెప్పగలవాడు వాచర్‌గానే రిటైరవ్వాలా? వాళ్లకు కంప్యూటర్, రాత నేర్పి, నివేదికలో వాళ్ల పేరూ వేస్తే అడవికే లాభం.

కాబట్టి మీ అమ్మాయి ఎక్కడైనా చేరబోతుంటే మూడు విషయాలు అడగమనండి. నా పని రోజూ ఎవరు చూస్తారు? ఎంతిస్తారు? అడవిలో నాతోపాటు ఎవరుంటారు? సూటిగా జవాబిచ్చే చోటికి ధైర్యంగా పంపండి. దాటవేసే చోట, ఎంత పెద్ద పేరున్నా సరే, ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.