జంటతీగె ఒంటిదైతే

వాద్యానికి విద్యుత్తు తగిలించారంటే చాలు, సంప్రదాయం మంటగలిసిందంటారు మనవాళ్ళు. మాండలిన్ సంగతి చూడండి. దానికి ఎనిమిది తీగెలు. రెండేసి చొప్పున నాలుగు జంటలు. గమకం కోసం పక్కకు లాగితే జంటలో రెండూ సమానంగా సాగవు, శ్రుతి చెదురుతుంది. పైగా వేలు మరో మెట్టుకు జారేలోగా నాదం ఆరిపోతుంది.

1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ విద్యుత్ మాండలిన్ చేపట్టి, జంటలు తీసేసి ఐదు ఒంటితీగెలు బిగించుకున్నారు. తీగెల కింద అయస్కాంతం, చుట్టూ సన్నని రాగితీగె. ఉక్కుతీగె కదిలితే ఆ చుట్టలో రవంత విద్యుత్తు పుడుతుంది. యాంప్లిఫయర్ దాన్ని పెంచుతుంది. ఆరిపోయే నాదపు తోక కూడా వినిపిస్తుంది. మన గమకానికి కావలసింది ఆ తోకే!

మరి తీగెలు మార్చగానే త్యాగరాజకృతి పలుకుతుందా? గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, శిష్యుడు ఆ పాటను వాద్యం మీదికి దించేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవంలో తొలి కచేరీ చేసేనాటికి ఆ బాలుడికి తొమ్మిదేళ్ళు.

బాలుస్వామి దీక్షితులు చేపట్టిన వయొలిన్‌ను ఇవాళ పరాయిదంటున్నామా? మీ పిల్లవాడు గిటారు కావాలని పేచీ పెడితే కసురుకోకండి. ముందు నాలుగు కీర్తనలు పాడించండి. తీగెల సంగతి తర్వాత వాడే చూసుకుంటాడు.