దొరబావి దారిని నడకకు తెరవండి

దక్షిణ కోస్తా రైల్వే జనరల్ మేనేజర్ గారికి,
విశాఖపట్నం.



నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమలలో వాడుక తప్పిన పాత మీటర్ గేజ్ దారి గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. గుంటూరు డివిజన్ మీ జోన్‌కు చెందింది కాబట్టి ఆ దారి మంచిచెడ్డలు ఇక మీవే. ఆ దారిలో లోయను దాటించిన దొరబావి వంతెనలో మిగిలి ఉన్నదాన్ని, బొగద అనే చోట ఉన్న తెల్లదొరల కాలంనాటి కట్టడాలను శిథిలం కాకముందే కాపాడండి. జనం జాగ్రత్తగా నడిచి చూసే బాటగా ఆ లోయను తెరవండి. నా విన్నపం ఇదే.

నేను గిద్దలూరు వైపు మనిషిని. ఖతార్‌లో అల్ వక్రా పక్కనున్న అల్ వుకైర్‌లో ఉంటూ నిర్మాణ పనుల్లో బతుకుతున్నాను. సెలవుకు ఇంటికి వచ్చినప్పుడల్లా నంద్యాలలో రైలెక్కుతాను. గాజులపల్లె దాటగానే కొండలు దగ్గరవుతాయి. చెలమ, దిగువమెట్ట మధ్య పెట్టెలోని వాళ్లంతా కిటికీల దగ్గర చేరతారు. లోయ కనిపించినంతసేపూ పిల్లలు అడుగుతూనే ఉంటారు: ఈ దారి ఎవరు వేశారు, ఎందుకు వేశారు, పాత వంతెన ఎటు ఉంది? పెద్దవాళ్లలో చాలామంది దగ్గర జవాబు ఉండదు. ఆ జవాబు దొరికే చోటు అక్కడే, ఆ అడవిలోనే ఉండాలి.

ఎందుకంటే ఇది ఆకలి వేయించిన దారి. 1876–78 నాటి ధాత కరువు బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలను ఊడ్చేసింది. గిద్దలూరు, కంభం ఆనాడు కర్నూలు జిల్లాలోవే. రేవుల్లో ధాన్యం దిగినా లోపలి ఊళ్లలో చాలావాటికి చేర్చే రైలు లేదు. బండ్లు లాగాల్సిన ఎద్దులే మేత లేక పడిపోయాయి. కరువు ప్రాంతాలకు రైలు దారులు కావాలని 1880లో కరువు కమిషన్ చెప్పింది. ఆ తర్వాత బళ్లారి–కృష్ణా స్టేట్ రైల్వే పేరుతో గుంతకల్లు నుంచి నంద్యాల, గిద్దలూరు, కంభం, గుంటూరు మీదుగా కృష్ణ ఒడ్డు దాకా 1880లలో ఈ దారి వేశారు. సదరన్ మరాఠా రైల్వే కంపెనీ నడిపింది. పడమట మర్మగోవా రేవు, తూర్పున కృష్ణా డెల్టా ఈ సన్నటి పట్టాల మీదే కలిశాయి. డెల్టా ధాన్యం రాయలసీమకు చేరడానికి అడ్డుగా నిలిచింది నల్లమల. ఆ అడ్డును తొలిచి, లోయ మీద వంతెన నిలబెట్టి రైలును దాటించారు.

1992లో పట్టాలను ఒకే వెడల్పుకు మార్చే యూనిగేజ్ పథకం వచ్చింది. ఆ దశాబ్దంలోనే ఈ మార్గం బ్రాడ్ గేజ్ అయింది. నల్లమలలో కొత్త దారి వేరేగా పడింది, దొరబావి వంతెన పనిలేక మిగిలిపోయింది. బ్రాడ్ గేజ్ మా ప్రాంతానికి మేలే చేసింది, అందులో నాకు రెండో మాట లేదు. అయితే నూరేళ్లకు పైగా రైళ్లను మోసిన దారిని ముళ్లపొదలకూ తుక్కు వ్యాపారులకూ వదిలేయడం ఆ మేలులో భాగం కాకూడదు.

నేనుంటున్న దేశాన్ని చూసి ఈ మాట అంటున్నాను.  ఇక్కడి రాజధాని దోహాలో మెట్రో మొదలైంది 2019లో. మా పక్క ఊరు అల్ వక్రా దాకా వచ్చే ఆ రైలు కోసం సొరంగాలు తవ్విన యంత్రాలు 21. వాటి వెంట భూమి లోపల పనిచేసిన వాళ్లలో మన దేశంవాళ్లు, నేపాలీలు, బంగ్లాదేశీయులు ఉన్నారు. ఇంత కొత్తదనం మధ్య కూడా ఇసుకలో కలిసిపోతున్న అల్ జుబారా అనే పాత ముత్యాల వ్యాపారుల పట్నాన్ని తవ్వి తీసి కాపాడుకున్నారు. 2013లో అది యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. అల్ వక్రాలో సముద్రం ఒడ్డున పాత బజారును తిరిగి నిలబెట్టారు. సెలవు రోజుల్లో మాలాంటి కూలీలం కూడా అక్కడ తిరిగి వస్తాం.

కెనడా అనుభవం మన అవసరానికి ఇంకా దగ్గర. బ్రిటిష్ కొలంబియాలో కెటిల్ వ్యాలీ రైల్వే మూతపడ్డాక మైరా కనుమలో 18 వంతెనలు, 2 సొరంగాలు నడక దారిగా, సైకిల్ దారిగా మారాయి. 2003లో కార్చిచ్చుకు 12 వంతెనలు కాలిపోయాయి. రైలు నడవని వంతెనలెందుకని అక్కడివాళ్లు అనుకోలేదు, 2008 కల్లా మళ్లీ కట్టుకున్నారు. అదే రైల్వే మీద కోక్విహల్లా లోయలో ఉన్న ఒథెల్లో సొరంగాల బాట 2021 వరదల్లో దెబ్బతింటే రాకపోకలు ఆపి మరమ్మతులు చేపట్టారు. బాట తెరవడమంటే దాని భద్రతను ఏళ్ల తరబడి భరించడం కూడా.

మన దగ్గరా ఉదాహరణ ఉంది. 1900లో మొదలై 1997లో విశ్రాంతి తీసుకున్న రాజమహేంద్రవరం హేవలాక్ వంతెన ఏళ్ల తరబడి ఊరికే నిలబడింది. అఖండ గోదావరి పథకంలో దాన్ని పర్యాటక స్థలంగా తీర్చిదిద్దే పనికి 2025లో శంకుస్థాపన జరిగింది. గోదావరి మీది వంతెనకు దక్కిన ఆదరణ నల్లమల వంతెనకూ దక్కాలి.

అడవి సంగతి నాకు తెలుసు. నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం నుంచి శేషాచలం వైపు పులులు సాగేది ఈ అడవి గుండానే. 2024లో ఈ అడవిలోని పచ్చర్ల దగ్గర చిరుత మనిషి ప్రాణం తీసింది. అందుకే హోటళ్లు, తారు రోడ్లు, దీపాలు, పాటల మైకులు అడగడం లేదు. నేను అడుగుతున్నవి ఇవి:

ఒకటి, రైల్వే ఇంజనీర్లు, అటవీ అధికారులు కలిసి పాత దారి మొత్తం సర్వే చేయాలి. ఏ కట్టడం ఎంత గట్టిగా ఉందో తేల్చాలి. అది తేలేదాకా ఒక్క దూలం, ఒక్క రాయి కూడా వేలానికి పోకూడదు.

రెండు, క్షేమమని తేలిన కొంత దూరం మాత్రమే తెరవాలి. పగటిపూట, చిన్న బృందాలుగా, మార్గదర్శి వెంట ఉంటేనే అనుమతి. రైళ్లు నడిచే పట్టాల వైపు ఎవరూ పోకుండా కంచె ఉండాలి. వానాకాలంలో అడవికి విశ్రాంతినివ్వాలి.

మూడు, మార్గదర్శులుగా నల్లమల చెంచులనే తీసుకోవాలి. సందర్శకుల కోసం పచ్చర్ల, బైర్లూటి అటవీ శిబిరాలు నడిపిన అనుభవం అటవీశాఖకు ఉంది. టికెట్టు డబ్బులో చెంచు గూడేలకు వాటా రాతపూర్వకంగా ఉండాలి.

నాలుగు, బాట మొదట్లో ఈ దారి చరిత్రను తెలుగులో రాసి పెట్టాలి. కరువు గురించి రాయండి. వైస్రాయిల, ఇంజనీర్ల పేర్లు పుస్తకాల్లో ఎలాగూ ఉన్నాయి. రాయి కొట్టిన, మట్టి మోసిన, అడవి జ్వరాల మధ్య పనిచేసిన కూలీల గురించి రాయండి. పాత రైల్వే దస్తరాల్లో వాళ్ల పేర్లు ఒక్కటైనా దొరికితే ఆ పేరు అక్కడ చెక్కించండి.

పరాయి దేశంలో ఎవరి పేరూ ఉండని కట్టడాలు కట్టేవాణ్ని కనుక ఈ నాలుగో కోరిక నాకు అన్నిటికన్నా ముఖ్యం. మా తాతముత్తాతల తరం కరువుకు ఊళ్లు వదిలింది, మా తరం పనికోసం దేశం వదిలింది. ఆ రెండింటి మధ్య మా నేల మీద నిలిచిన గొప్ప శ్రమ ఈ దారి. దాన్ని చూడటానికి మా పిల్లలకు ఒక బాట, తెలుసుకోవడానికి ఒక పలక కావాలి.

మీ జోన్ కొత్తది. కొత్త జోన్ తొలి నిర్ణయాల్లో ఈ సర్వే ఆదేశం ఒకటి కావాలని కోరుతున్నాను. ఆ ఆదేశానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు, మీ సంతకం చాలు.

నమస్కారాలతో,
గిద్దలూరు ప్రాంతపు ప్రవాస కార్మికుడు
అల్ వుకైర్, ఖతార్