కంప్యూటరు గదిలోని రొద

మన ఉన్నత పాఠశాలలలోని కంప్యూటరు గదులను గూర్చి పెద్దలు ముచ్చటించునపుడు యంత్రములెన్ని, వాని వెల యెంత, వేగమెంత యని యడుగుదురు గాని, అవి యెంత రొద చేయుచున్నవని యెవ్వరును అడుగరు. ఈ యుపేక్ష తగదని నా యభిప్రాయము. వెనుక బల్లపై గూర్చున్న విద్యార్థికి ఉపాధ్యాయుని మాట స్పష్టముగా వినబడనిచో ఆ గదిలో జరుగునది బోధన కాదు.

తరగతి గదిలో పాఠము జరుగునపుడు ఇతర ధ్వని 35 డెసిబెళ్లకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో ప్రకటించిన మార్గదర్శక సూత్రములు చెప్పుచున్నవి. ఒక్క యంత్రము విషయములో నిది కష్టసాధ్యము కాదు. అయితే సమానమైన ధ్వని గల యంత్రములు రెండు కలిసిన 3 డెసిబెళ్లు, పది కలిసిన 10 డెసిబెళ్లు, ఇరువది కలిసిన 13 డెసిబెళ్లు హెచ్చును. ఇంటిలో నొంటరిగా గొణుగుకొనుచుండు పెట్టె, మఱి పందొమ్మిదింటితో గూడినపుడు కదిలించిన తేనెపట్టు వలె నగును.

ఈ రొదలో అధికభాగము పంకాలది. ప్రాసెసరులో పుట్టిన వేడిని దానిపై నమర్చిన లోహపు రెక్కలు గ్రహింపగా, పంకా గాలి విసరి ఆ వేడిని వెలుపలికి దోలును. రెక్కల సందులలో దుమ్ము పేరుకొనెనా, గాలి సాగదు, వేడి తగ్గదు; అంతట యంత్రము తన పంకాను మఱింత వడిగా త్రిప్పుకొనును. వేగముతో ధ్వని యెంత త్వరగా పెరుగుననగా, అదే పంకాను సగము వేగముతో ద్రిప్పినచో సుమారు 15 డెసిబెళ్లు తగ్గునని యంత్రశాస్త్రపు లెక్క. కావున మొదటి యౌషధము అంగడిలో లేదు. మెత్తని కుంచెలో నున్నది. విద్యుత్తు తీగను తొలగించి, ప్రక్క రేకు విప్పి, దుమ్మును దులుపవలెను. గాలి యూదునపుడు పంకాను వ్రేలితో పట్టియుంచవలెను. లేనిచో నది మితిమీరిన వేగముతో దిరిగి చెడును. విద్యుత్తు నందించు లోపలి పెట్టెను మాత్రము విద్యార్థులు విప్పరాదు. తీగ తీసిన పిమ్మటను కొంతసేపు దానిలో ప్రాణాపాయకరమైన విద్యుత్తు నిలిచియుండును.

దులిపినను రొద తగ్గనిచో, ప్రాసెసరునకును లోహపు రెక్కలకును నడుమ నెండిపోయిన పూతను మార్చవలెను. అరిగిన పంకాకు నూనె చుక్క తాత్కాలికోపశమనమే. క్రొత్తది వేయుట మేలు. పెట్టెలో చోటున్నచో 80 మిల్లీమీటర్ల పంకాకు బదులు 120 మిల్లీమీటర్లది వేసిన, నెమ్మదిగా దిరుగుచునే యంత గాలిని ఇచ్చును. పాత హార్డుడిస్కు నిమిషమునకు 7200 చుట్లు, అనగా సెకనుకు 120 చుట్లు దిరుగుచు, ఆ కదలికను రేకునకును బల్లకును పంచును; బల్లయే మృదంగమగును. పెట్టె క్రింద రబ్బరు ముక్కలుంచిన నిది కొంత యణగును. కదలు భాగములే లేని ఎస్.ఎస్.డి. యమర్చినచో నీ బాధ లేనే లేదు.

కొందఱు రొదకు వెఱచి యంత్రమును బీరువాలో బిగింతురు, లేక గుడ్డ కప్పుదురు. జ్వరపడినవానికి కంబళి కప్పి ముక్కు మూయుట యిట్టిదే. గాలి యందక పంకా మునుపటికన్న నెక్కువగా నఱచును.

పైకప్పు పంకా మ్రోత యెదుట కంప్యూటరు మ్రోత యెంత యని పరిహసించువారును గలరు. వారి మాటలో నిజము లేకపోలేదు. మన వేసవిలో పైకప్పు పంకా నాపలేము. కనుకనే తగ్గింప వీలైనదానిని తగ్గింపుమందును. ఉన్న యంత్రములను ఏండ్ల తరబడి తుడువక, పాతబడినవని పాఱవేసి క్రొత్తవి కొనుటకు చందాలు ప్రోగుచేయుట నాకు సమ్మతము గాదు. కొనక తప్పనినాడు వెలతోపాటు ధ్వని యెంతయో వర్తకుని అడిగి, వీలైనచో అంగడిలోనే నడిపించి వినవలెను.

ఏటేట పై తరగతులవారు ఉపాధ్యాయుని పర్యవేక్షణలో రెండు ప్రొద్దుటిపూటలు వెచ్చించిన గదినంతయు శుభ్రపఱుపవచ్చును. జూన్ నెలలో బడి తెఱచుటకు ముందే యది ముగియవలెను. తెఱచిన పిమ్మట నెవ్వరికిని తీరిక యుండదు.