గార్డ్ కార్డు వచ్చింది సరే, క్లాసుల సంగతేంటి?



ఈ మధ్య గ్రూపులో కొత్త గార్డ్ కార్డుల ఫొటోలు బాగా వస్తున్నాయి. సంతోషం. కానీ వాటి కింద ఇంకో మాట కూడా కనిపిస్తోంది: "ఇంకా 32 గంటల క్లాసులంట, క్లాసుకు పోకుండా సర్టిఫికెట్ ఇప్పించేవాళ్లు ఎవరైనా ఉన్నారా?" ఆ పని మాత్రం చేయొద్దు.

ముందు లెక్క చెప్తా. కాలిఫోర్నియాలో అరెస్టు అధికారం, బలప్రయోగం గురించిన 8 గంటల కోర్సు అయ్యాకే డ్యూటీ. కార్డు జారీ అయిన రోజు నుంచి 30 రోజుల్లో 16 గంటలు, ఆరు నెలల్లోపు మరో 16. ఆ తర్వాత ఏటా 8. న్యూయార్క్‌లో అయితే ముందు 8, ఉద్యోగంలో చేరాక 90 రోజుల్లో 16, ఆపైన ఏటా 8. వేరే రాష్ట్రాల్లో ఉన్నవాళ్లు ఈ లెక్క పట్టుకుని కూర్చోవద్దు, మీ రాష్ట్రం లైసెన్సు ఆఫీసు వెబ్‌సైట్ చూస్కోండి. మన దేశంలో 2005 చట్టం కింద వచ్చిన రూల్స్‌లో 100 గంటల క్లాసు, 60 గంటల ఫీల్డ్ ట్రైనింగ్ అని రాసి ఉంది. మన ఊరి అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని ఒకసారి అడిగి చూడండి. కాగితం మీద ట్రైనింగ్ మనకు అలవాటే, అందుకే ఇక్కడ కూడా తేలిగ్గా తీస్కుంటున్నాం.

కాలిఫోర్నియా సిలబస్‌లో చూసింది రాసి పెట్టడం మీదే నాలుగు గంటలు ఉంది. నాకు అది బోర్ కొట్టింది, నిజం చెప్తున్నా. మొదటి నెలలో పార్కింగ్ లాట్‌లో గొడవైతే "తాగి గొడవ చేసినాడు, పంపించేశాను" అని రెండు లైన్లు రాసి పడుకున్నా. కొన్ని వారాలకు ఆ మనిషి నేను నెట్టేశానని ఫిర్యాదు పెట్టాడు. తాగాడని ఎట్లా తెలుసు? టైం ఎంత? ఎవరు చూశారు? నా రెండు లైన్లలో ఒక్కదానికీ జవాబు లేదు. మన ఇంగ్లీష్ అంతంత మాత్రమే, నోటితో వాదించి గెలవలేం. రాసిన కాగితమే మన తరఫున మాట్లాడాలి. ఇంకో సంగతి: కాలిఫోర్నియాలో గార్డుకు అరెస్టు అధికారం మామూలు పౌరుడికి ఉన్నంతే, యూనిఫాం వేసుకున్నంత మాత్రాన పోలీసు కాదు. ఇది తెలియక చెయ్యి పట్టుకుంటే కేసు మన మీదకొస్తుంది.

ఇప్పుడు డబ్బుల మాట. ఉద్యోగం రాకముందు చేసిన కోర్సు ఫీజు మనదే అనుకుందాం. కానీ ఏటా చేసే 8 గంటలు కంపెనీయే ఇప్పించాలని కాలిఫోర్నియా చట్టం రాసింది. ఫెడరల్ రూల్ ప్రకారం ట్రైనింగ్ టైంకి జీతం ఎగ్గొట్టాలంటే నాలుగు విషయాలూ కలిసి రావాలి: డ్యూటీ టైం బయట జరగాలి, మన ఇష్టంతో వెళ్లాలి, మన పనికి నేరుగా సంబంధం ఉండకూడదు, ఆ టైంలో వేరే పని చేయించకూడదు. గార్డుకు గార్డు పని నేర్పుతూ, రాకపోతే షిఫ్ట్ ఇవ్వమంటే అది ఇష్టం ఎట్లా అవుతుంది? నా అభిప్రాయం సూటిగా చెప్తున్నా, అది పని గంటే, జీతం ఇవ్వాల్సిందే. "ఇంట్లో కూర్చొని ఫోన్‌లో చూస్కో" అంటే ఊరికే తలూపొద్దు.

స్టూడెంట్ వీసా మీద ఉన్న తమ్ముళ్లకు ఒక మాట. గార్డ్ కార్డు ఉన్నంత మాత్రాన పని చేసే హక్కు రాదు. వర్క్ పర్మిషన్ వేరు. రెండూ కలిపి చూడొద్దు.

సర్టిఫికెట్ల ఫొటో తీసి మీ దగ్గర ఒక కాపీ పెట్టుకోండి, కంపెనీ మారితే పాతవాళ్లు ఫోన్ ఎత్తరు. పోయిన సారి ట్రైనింగ్ చేసిన నెల పే స్టబ్ తీసి ఆ గంటలు అందులో పడ్డాయో లేదో చూడండి. పడకపోతే కంపెనీ పేరు గ్రూపులో పెట్టకుండా అడ్మిన్‌కు విడిగా పంపండి.