మెడ వంచని భానుమతి

సిద్దిపేట గ్రంథాలయంలో భానుమతి ఆత్మకథ ‘నాలో నేను’ మళ్లీ చదివాక, ఈ సంచికను నటీమణుల జీవితకథలకే కేటాయించాలనిపించింది.

1936లో వార్నర్ బ్రదర్స్‌తో లండన్ కోర్టుదాకా తలపడి ఓడిన హాలీవుడ్ తార బెట్టీ డేవిస్ గురించి మనవాళ్లు మురిసిపోతూ రాస్తుంటారు. మన భానుమతి ఎందులో తక్కువ? ‘మిస్సమ్మ’ షూటింగు కొంత జరిగాక, ఆలస్యంగా వచ్చినందుకు క్షమాపణ చెప్పాల్సిందేనని నిర్మాత చక్రపాణి పట్టుబట్టారు. ఆమె ససేమిరా అన్నారు. పాత్ర సావిత్రికి వెళ్లింది. 1955లో సినిమా విడుదలయ్యాక, తన వల్ల ఒక మహానటి వెలుగులోకి వచ్చిందని సంతోషించారే తప్ప ఏడవలేదు.

ఆ గొడవ అందరికీ తెలిసిందే. నా మట్టుకు అంతకన్నా పెద్ద తిరుగుబాటు 1943 నాటిది. తండ్రి వద్దన్నా, ‘కృష్ణప్రేమ’ సెట్లో పరిచయమైన సహాయ దర్శకుడు రామకృష్ణనే పెళ్లాడతానని నిలబడ్డారు. పెద్ద తార, చిన్న జీతగాడు! పదేళ్లు తిరిగేసరికి సొంత భరణీ సంస్థలో ‘చండీరాణి’ని తెలుగు, తమిళ, హిందీ భాషల్లో తానే దర్శకత్వం వహించి తీశారు. కథానాయికా తనే, గొంతూ తనదే. అంత పనిలోనూ ‘అత్తగారి కథలు’ రాయడానికి తీరిక చేసుకున్నారు.

పుస్తకం చేతికొస్తే ముందు ఆ పెళ్లి ముచ్చట చదవండి.