బైపీసీ అంటే ఒక్క డాక్టరేనా?

పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే మన క్యాంపుల్లో ఫోన్లు మోగుతూనే ఉంటాయి. "నాన్నా, ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలి?" అని అటునుంచి పిల్లలు అడుగుతారు. డ్యూటీ దిగి బూట్లయినా విప్పకుండా మనం ఇటునుంచి తీర్పు చెప్పేస్తాం. "బైపీసీ తీసుకో, డాక్టరువు కావాలె" అంటాం. లేదా "డాక్టరు చదివించే స్థోమత మనకెక్కడిది, బైపీసీ వద్దు" అంటాం. రెండూ తొందరపాటు మాటలే.

బైపీసీలో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉంటాయి. లెక్కలు ఉండవు. అంటే తర్వాత మనసు మారితే చాలా ఇంజనీరింగ్ కోర్సులకు దారి మూసుకుపోయినట్టే. కాబట్టి పిల్లకు ఆ చదువు ఇష్టమా కాదా అన్నదే మొదట అడగాలి. ఇష్టంగా చదివితే అది మనకూ పనికొచ్చే చదువే. ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 దాకా ఎండలో పని ఎందుకు ఆపుతారో, నీళ్లు తాగకపోతే కిడ్నీలకు ఏమవుతుందో ఆ పిల్లే మనకు ఫోన్లో వివరించగలదు.

ఇక డాక్టరు సంగతి. ఎంబీబీఎస్ సీటుకు నీట్ తప్పదు. 2025లో ఆ పరీక్ష 22 లక్షల మందికి పైగా రాశారు. 720 మార్కుల్లో బయాలజీకి 360. మిగతా సగం ఫిజిక్స్, కెమిస్ట్రీలదే. బయాలజీ ఒక్కటే బట్టీ పడితే గట్టెక్కరు. నీట్‌లో అర్హత లేకుండా డొనేషన్ కట్టినా సీటు రాదు. విదేశాల్లో ఎంబీబీఎస్ చదివి మన దేశంలో డాక్టరు కావాలన్నా నీట్ అర్హత ఉండాలి. "సీటు ఇప్పిస్తా, పైసలు పంపు" అనేవాణ్ని నమ్మొద్దు. వీసా ఏజెంట్ల చేతిలో మోసపోయినవాళ్లు మనలో తక్కువేం లేరు. సీటు ఏజెంటు దగ్గర మళ్లీ మోసపోవద్దు.

డాక్టరు కాకపోతే బైపీసీ వృథానా? హెల్త్ సెంటర్‌కు పోయినప్పుడు ఒకసారి చూడండి. సూది వేసే నర్సు, రక్తం తీసే ల్యాబ్ టెక్నీషియన్, మందులిచ్చే ఫార్మసిస్టు, వీళ్లెవరూ ఎంబీబీఎస్ చదివినవాళ్లు కాదు. నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ, ల్యాబ్ టెక్నాలజీ, అగ్రికల్చర్ బీఎస్సీ, పశువైద్యం, ఇవన్నీ బైపీసీ నుంచి వెళ్లే దారులే. మన రాష్ట్రంలో అగ్రికల్చర్, ఫార్మసీ సీట్లకు నీట్ అక్కర్లేదు, ఎప్‌సెట్ ర్యాంకు చాలు.

డాక్టరు కావాలని నిజంగా పట్టుదల ఉన్న పిల్లలను ఆపమని మేము చెప్పడం లేదు. నిజామాబాద్‌లో 2013లో, జగిత్యాలలో 2022లో, సిరిసిల్ల, కామారెడ్డి, నిర్మల్, కరీంనగర్‌లలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. గల్ఫ్ బస్సెక్కే మన జిల్లాల్లోనే ఇప్పుడు డాక్టర్లు తయారవుతున్నారు. అందులో మన పిల్లలూ ఉండాలి.

అయితే అప్పు చేసి కాదు. 2021 మార్చి నుంచి ఇక్కడ కనీస మూల వేతనం నెలకు 1000 రియాళ్లు. ఆ జీతం మీద కార్పొరేట్ కాలేజీ ఫీజు, హాస్టలు, సీటు రాకపోతే లాంగ్‌టర్మ్ కోచింగు అంటే వడ్డీకి తేవాల్సిందే. అది తీరేదాకా మనం ఇంటికి పోయేది వాయిదా. ఆ బరువంతా పదిహేడేళ్ల పిల్ల నెత్తిన పడుతుంది.

"సర్కారు కాలేజీలో ఏం చెప్తరు?" అని కొందరు అన్నలు అడుగుతారు. కొన్నిచోట్ల లెక్చరర్ల కొరత ఉంది, కాదనం. అందుకే చేర్చే ముందు ఇంటివాళ్లను పంపి కనుక్కోండి. నాలుగు సబ్జెక్టులకూ లెక్చరర్లు ఉన్నారా, ల్యాబులో ప్రాక్టికల్స్ నిజంగా చేయిస్తారా? చదువూ తిండీ వసతీ ఉచితంగా ఇచ్చే గురుకుల కాలేజీలున్నాయి. బీసీ, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీ, ఎవరికి తగ్గది వారికి ఉంది. దరఖాస్తు తేదీ దాటిపోకుండా చూసుకోండి.

ఈ శుక్రవారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు మార్కులు ఎన్నని అడిగే ముందు, "నీకేం చదవాలని ఉంది బిడ్డా?" అని అడుగుదాం. బదులు చెప్పేదాకా ఫోన్ పెట్టొద్దు.