ప్రళయానంతరపు పేకాట

పేకాట యనగానే పెద్దలు కనుబొమలు ముడుచుకొందురు. అందుకు కారణము లేకపోలేదు. పందెములకు పొలములను పోగొట్టుకొన్న వారి కథలు ఊరూర వినబడుచునే యుండును. కాని నేటి విద్యార్థులు కొందరు సెలవులలో చేయుచున్న పని వేరు. వారికి పేక నాడుటకంటె పేకను కల్పించుటయందే మక్కువ మెండు. తమకు నచ్చిన చలనచిత్రమునో, కంప్యూటరు క్రీడనో తీసికొని, అందలి పాత్రలను అట్టముక్కలపై చిత్రించి, వానికి బలములు, బలహీనతలు నిర్ణయించి, ఆటకు నియమములు వ్రాసికొందురు. ఇట్లు అభిమానులు కల్పించుకొను ఆటలలో ప్రళయానంతరలోకమును గూర్చినవి పెక్కులు. నగరములు కూలి, నదులెండి, మిగిలిన కొలదిమంది బ్రతుకునకై పెనగులాడు లోకమది.

2024లో విడుదలయిన 'కల్కి 2898 ఏ.డి.' అను తెలుగు చలనచిత్రమునందలి లోకము అట్టిదే. అందు కాశి యొక్కటే మిగిలిన నగరము. దానిపై నాకసమున 'కాంప్లెక్స్' అను సంపన్నుల నివాసము నిలిచియుండును. అందు ప్రవేశింపగోరువాడు 'యూనిట్లు' అను ధనమును కూడబెట్టవలెను. భైరవుడను వాడు దానికై ఎంతటి పనికైనను వెనుదీయడు. ఈ కథలో సగము ఆట సిద్ధముగనే యున్నది. యూనిట్లు ఎక్కువ కూడబెట్టినవాడు గెలుచును అని వ్రాయుటకు అయిదు నిమిషములు చాలును. చిక్కంతయు నచ్చటనే కలదు. అట్లు వ్రాసినంతనే ఆ ఆటలో కాశీవాసుల దాహము లెక్కకు రాదు. కాంప్లెక్స్ చేరుటయే ధర్మమగును. బొమ్మలు చూచువాడు ఏమనుకొన్నను, ఆడువాడు నియమము చెప్పినట్లే నడచును.

ఈ విషయమున డిచ్‌పల్లి ప్రాంతపు బాలుడు దూరదేశముల ఆటలను చూచుటకు ముందు తన చుట్టుపట్ల నున్నవానిని చూచుట మేలు. డిచ్‌పల్లి నుండి ఉత్తరముగా సాగు రహదారిపై గోదావరిని దాటినచో నిర్మల్ పట్టణము వచ్చును. కొయ్యబొమ్మలకు పేరొందిన ఆ యూరి చిత్రకారులు పూర్వము గంజీఫా అను గుండ్రని పేకముక్కలను కూడ చిత్రించెడివారు. ఆ యాట మొగలుల కొలువులలో మిక్కిలి ప్రియమైనది. బాబరు చక్రవర్తి 1527లో సింధుదేశమునందలి మిత్రునకు ఈ ముక్కలను పంపినట్లు తన చరిత్రలో వ్రాసికొనెను. మొగలుల కట్టలో ఎనిమిది రంగులు, 96 ముక్కలు. ఈ దేశపు చిత్రకారులు ఆ చట్రమును గ్రహించి, దశావతారములను రంగులుగా చేసి, 120 ముక్కల కట్టను కల్పించిరి. ఒక్కొక్క యవతారమునకు ఒక రాజు, ఒక మంత్రి, ఒకటి మొదలు పది వరకు అంకెల ముక్కలు. ఆలోచింపగా నదియు అభిమానుల కల్పనయే. కథ పురాణములది, చట్రము పారసీకులది, కుంచె ఊరి చిత్రకారునిది.

ఆ కల్పనలో నొక యందమైన నియమము కలదు. పగటివేళ ఆడునపుడు రాముని రాజు గలవాడును, రాత్రివేళ ఆడునపుడు కృష్ణుని రాజు గలవాడును ఆటను ప్రారంభించెడి వాడుక యుండెను. పట్టపగలు పుట్టినవాడు రాముడు, అర్ధరాత్రి పుట్టినవాడు కృష్ణుడు. పాత్ర నియమములోనికి ప్రవేశించుట యన నిదియే. తక్కినచోట్ల మాత్రము పాత్రలు బొమ్మలుగనే మిగిలిపోయినవి. యుగాంతమున రావలసిన కల్కి ఆ కట్టలో పదవ రంగు మాత్రమే. అతని రాజు సయితము మత్స్యపు రంగులోని అల్పమైన ముక్కను గెలువలేడు, రంగు వేరు గనుక. అశ్వము, ఖడ్గము చక్కగా చిత్రించిరి; అతడు చేయవలసిన కార్యము నెవ్వరును వ్రాయలేదు.

దీనికి భిన్నముగా, ఒక్క బొమ్మయు లేక పాత్రలు సజీవములుగా నుండు ఆట పులి–మేక. అరుగుపై సుద్దతో గీసిన గళ్ళు, మూడు పెద్దరాళ్ళు, పదునైదు చింతగింజలు, ఇంతియే సామగ్రి. పులి మేకపైనుండి దుమికి చంపగలదు, మేక దుమకలేదు. కాని మేకలు ఒకదానినొకటి ఆనుకొని నిలిచి పులికి కదలుటకు చోటు లేకుండ చేయగలవు. ఈ రెండు వాక్యములతో పులి గర్వము, మేకల ఐకమత్యము ఏర్పడినవి. చింతగింజపై మేకబొమ్మ గీయవలసిన పని యెవ్వరికిని కలుగలేదు. క్రొత్త యాటను కల్పించువాడు గంజీఫా చిత్రకారుని కుంచెను, పులి–మేక కల్పించిన అజ్ఞాతుని బుద్ధిని కూడ కోరుకొనవలెను. రెంటిలో నొక్కటే దొరకునన్నచో రెండవదానినే కోరుట మంచిది.

ఇక శిథిలలోకమున ఏది కరవు, దానిని ఎవరు పంచుదురు అను ప్రశ్న కలదు. దీనికి నిజామాబాదు జిల్లాలో ఊహ అక్కరలేదు. మంజీరపై 1923లో ఆరంభమై 1931లో ముగిసిన నిజాంసాగరపు కాలువలు పొలములను తడిపినవి, చెరకు పెరిగినది, 1937లో బోధనులో నెలకొన్న చక్కెర కర్మాగారము ఆ చెరకుపై బ్రతికి, 2015 డిసెంబరులో మూతపడినది. కూలిన లోకము నెట్లు చిత్రింపవలెనో తెలియని బాలుడు నిలిచిపోయిన యంత్రమును, కొనువారు లేని చెరకును తలచుకొన్న చాలును. కాలువ మొదటనున్న పొలమునకు మొదటి నీరు, చివరనున్న పొలమునకు మిగిలిన నీరు. ఇదియే ఆటకు మూలనియమము కావచ్చును. నలుగురు ఆటగాండ్రు వరుసగా కూర్చుండి నడుమనున్న నీటిముక్కలను తీయుదురు. మొదటివాడు అన్నియు తీసికొనవచ్చును, అడ్డులేదు. కాని చివరివాని పొలమెండినచో మరుసటి పంపకమున విత్తనపు ముక్కలు ఎవ్వరికిని లేవు. ఇందు 'నీరటికాడు' అను పాత్ర ప్రవేశించును. చెరువు తూమును తెరచి పొలములకు వంతులవారీగా నీరుపెట్టు గ్రామసేవకునకు తెలంగాణమున నా పేరు. అతని ముక్క పడినప్పుడు వరుస తలక్రిందులై, ఆ యొక్కసారికి నీరు చివరి పొలమునుండి మొదలగును. అతని చేత నాయుధము లేదు. అయినను అతడు రాకయే పోయిన ఆట యెట్లు ముగియునో మూడవ పంపకమునకే తెలిసిపోవును.

పాత్రలలో మిక్కిలి జాగ్రత్త వలసినది శత్రువు విషయమున. ఇట్టి ఆటలలో శత్రువునకు వికృతరూపము నిచ్చుట పరిపాటి యయినది. 1997లో అమెరికాలో వెలువడిన 'ఫాలౌట్' అను కంప్యూటరు క్రీడలో అణుయుద్ధము వలన చర్మము చెడిన మనుష్యులను 'ఘూల్' అని పిలుతురు. పిశాచమని ఆ మాట కర్థము. వారిలో సజ్జనులు కలరని ఆ క్రీడయే చూపును. అనుకరించువారు మాత్రము ఆ భాగమును విడిచి, పుండ్లుపడిన ముఖమును గీసి, దాని క్రింద 'చంపినచో నాలుగు గుణములు' అని వ్రాసికొందురు.

డిచ్‌పల్లిలో అట్టి ముక్క గీయుట తగదు. స్కాట్లండు దేశమునుండి వచ్చిన ఇసబెల్ కెర్ అను వైద్యురాలు, ఆమె భర్త జార్జి కెర్, నిజామాబాదు వాస్తవ్యుడగు నర్సాగౌడు ఇచ్చిన ధనసాయముతో 1915లో అచ్చట కుష్ఠరోగులకు వైద్యశాలను నెలకొల్పిరి. వ్రేళ్ళు మొద్దువారి, ముఖము మారిన మనుష్యులను ఇంటివారు వెడలగొట్టిన దినములవి. ఊరు, చుట్టము, వృత్తి ఒక్కనాడే పోయినవానికి ప్రళయము వేరుగా రానక్కరలేదు. అట్టివారు డిచ్‌పల్లి చేరి, మందు పొంది, మరల ఒకరి ప్రక్క నొకరు కూర్చుండి భోజనము చేసిరి. నేడు ఆ వ్యాధి మందులచే పూర్తిగా నయమగును. 1982 నుండి ప్రపంచ ఆరోగ్యసంస్థ బహుళౌషధ చికిత్సను సూచించుచున్నది. వికృతరూపుని శత్రువుగా గీసిన బాలుడు తనకు తెలియకయే వెనుకటి యూరివారి పక్షమున నిలుచుచున్నాడు.

'కల్కి' చిత్రములో నుండు అశ్వత్థామ ఈ చిక్కును మరింత స్పష్టపరచును. మహాభారతమున అతడు పొందిన శాపము ప్రసిద్ధము: మూడువేల యేండ్లు దేహము రక్తపూయములతో కంపుకొట్టుచుండగా, తోడు లేక, పలుకరించువాడు లేక తిరుగవలెను. 'ఈ ముక్క ప్రక్కన మరియొక ముక్క వేయరాదు' అని వ్రాసినచో ఆ శాపమంతయు నియమమగును. ఇంతకంటె చక్కని కల్పన యరుదు. కాని ఆ శిక్ష ఉత్తర గర్భమునందలి శిశువును చంప అస్త్రము ప్రయోగించినందుకు. రోగి యెవ్వరిని చంపెను? అదే నియమమును రోగులందరికి తగిలించినచో ఆట వ్యాధిని పాపఫలముగా తీర్పుచెప్పినట్లగును. అందుచేత కట్టలో 'వైద్యశాల' యను ముక్క యొకటి యుండవలెను. వెలివేయబడిన ముక్క దాని ప్రక్కకు చేరినచో పూర్వబలముతో తిరిగి ఆటలోనికి రావలెను. అశ్వత్థామకు కూడ ఆ ద్వారము తెరచుటయా, మానుటయా అనునది కల్పించువాని యిష్టము. ఇందు కొంత వాదము జరుగుట మంచిదే.

శత్రువులు లేనిచో ఆట చప్పబడునని కొందరందురు. శత్రువులకు కొదువ యేమి? దాహము, నీటిని దాచుకొనువాడు, వరద, వీరు చాలరా? 1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాదును ముంచినపుడు, నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నెక్కి దాదాపు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. 'చింతచెట్టు' అను ముక్కపై ఇందరే యెక్కవచ్చునని ఒక సంఖ్య వ్రాసిన చాలును. ఏ రాక్షసుడును కలిగింపలేని భయమును ఆ సంఖ్య కలిగించును.

ఇతరుల కథపై కల్పించిన ఆటను మిత్రులతో నాడుకొనవచ్చును. అమ్మదలచినచో ఆ కథ స్వాములయనుమతి కావలెను. ఆడించి చూచుట మాత్రము తప్పనిసరి, అదియు కల్పించినవాడు నోరు మెదపకుండ. నియమములు వ్రాసిన కాగితమును ఆ యాట నెరుగని నలుగురి చేతిలో నుంచి, అతడు దూరముగా కూర్చుండవలెను. మొదటి ఆటలో కాలువ మొదటనున్నవాడు నీరంతయు తీసికొనును. రెండవ ఆటలో విత్తనములు రాక నలుగురును ఓడుదురు. మూడవ ఆట మొదలిడుటకు ముందే చివర కూర్చుండినవాడు లేచి, మొదటి చోటు తనకు కావలెనని పట్టుపట్టును; అతనికేమి చెప్పవలెనో కాగితములో వెదకుదురు. అచ్చట సమాధానము లేనిచో కల్పించినవాడు కలమును మరల చేపట్టవలసియుండును.